సర్కారు గొర్రె, పురుగు లేని జిల్లా

లాబ్‌ల కొత్తగ చేరుతున్న పిల్లలకు రాస్తున్న. ఫోన్ల బొటనవేలుతోని కొడ్తున్న, ఏడన్న అక్షరం అటిటు అయితే ఊకోండ్రి. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, రిటైరైన నాడు ఎవరు శాలువ కప్పిన్రు, గవన్నీ రాయ. శాలువలు మస్తున్నయి, చలికాలం పనికొస్తున్నయి.

మీ పని మొన్న చూసొచ్చిన. గొంతు నొప్పి పిల్లగాని గొంతుల కెల్లి తీసిన పురుగును మిషన్ల పెడ్తున్నరు. మిషన్ దాని జీనోం, అంటే దాని పుట్టుక రాత, అక్షరం ఇడువకుండ చదువుతాంది. ఏ మందుకు సస్తది, ఏ మందుకు సావది, ఏ ఊరి పురుగుకు సుట్టమైతది, అన్నీ చెప్తాంది. చూసి కడుపు నిండింది. అండ్ల ఒక పిల్లను అడిగిన, "గీ గొంతు దూది పుల్ల ఎవరు తీసిన్రు బిడ్డా? ఎట్ల తీసిన్రు?" అని. ఆ పిల్ల కంప్యూటర్ మీద కెల్లి కన్ను తియ్యకుండ "శాంపుల్ వస్తది మేడం" అన్నది.

వస్తదంట! వాన వచ్చినట్టు.

గందుకే రాస్తున్న. శాంపుల్ రాదు పిల్లలూ. దాన్ని ఎవడో తెస్తడు. తెచ్చేటోడు మీకు భయపడ్తుంటే ఏమైతదో నాకు తెలుసు.

ఫోన్ మేడం

ఎనబైల నడుమ సంగతి. నాకు ఇరవై నాలుగేండ్లు. చిక్కడపల్లిల పుట్టి పెరిగి, మైక్రోబయాలజీ సదివి, నల్గొండ జిల్లాల ఒక సర్కారు దవాఖాన లాబ్‌కు వచ్చిపడ్డ. ఏ దవాఖాననో రాయ. అండ్ల పనిచేసినోళ్ళు చానమంది ఇంక బతికే ఉన్నరు, కొందరికి నాకంటె ఎక్కువ కోపం.

నా కోపం సంగతి ముందే చెప్పాలె. గాజు గొట్టం పగిలితే అరుసుడు, కరెంటు పోతే అరుసుడు, వస్తే గింత ఆలస్యమెందుకని అరుసుడు. పల్లెటూరోళ్ళకు పని రాదు, నాకొక్కదానికే వచ్చు అని గట్టి నమ్మకం. ఆ వయసుల పట్నం కెల్లి వచ్చినోళ్ళకు గా రోగం ఉంటది, దానికి లాబ్‌ల ప్లేటు లేదు, టెస్టు లేదు.

రెండోది ఫోన్. దవాఖాన మొత్తానికి ఒక్కటే ఫోన్, సూపరింటెండెంట్ సార్ రూంల. అంకెల చక్రానికి సార్ చిన్న ఇత్తడి తాళం ఏసుకుంటుండె. నేను చక్రం జోలికే పోకుండ, రిసీవర్ పెట్టే కాడి గుండీని టకటక కొట్టి ఎక్స్‌చేంజ్ కలుపుకుంటుంటి. ఇగ హైదరాబాద్‌కు ట్రంక్ కాల్. అమ్మకు, దోస్తులకు, నాకు చదువు చెప్పిన ప్రొఫెసరమ్మకు. సార్ వార్డులు తిరిగి వచ్చేసరికి ఆయన కుర్చీల నేను, నా చెవికి ఆయన ఫోన్. 'ఫోన్ మేడం' అని పేరు పడ్డది. సార్ రెండుసార్లు తాళం మార్చిండు. పాపం, తాళం మంచిదే.

బస్సుల సీటు దొరికే ఉపాయం

ఆ ఏడాది ఒక స్కీం వచ్చింది. స్ట్రెప్టోకాకస్ అనే పురుగు మీద. అది పిల్లల గొంతుల చేరుతది. నాలుగు రోజులు గొంతు నొస్తది, జరమొస్తది, పోతది. అందరు మర్చిపోతరు. రెండు మూడు వారాలకు కొందరు పిల్లలకు మోకాలు వాస్తది, అది తగ్గి మడిమ వాస్తది, ఆ నడుమల గుండె కవాటాలు ఖరాబైతయి. ఒకసారి గట్లయిన పిల్లకు మళ్ళ పురుగు సోకకుండ ఇరవయ్యొక్క రోజులకోసారి పెన్సిలిన్ సూది ఏండ్లకేండ్లు ఇయ్యాలె. ఆపితే మళ్ళ పురుగు, మళ్ళ వాపు, గుండె ఇంకింత ఖరాబు.

నా పని ఏందంటే, పిల్లల గొంతుల కెల్లి దూది పుల్లతోని తీసి, పురుగును గాజు ప్లేటు మీద పెంచి, ఏ మందుకు లొంగుతాంది, ఏ మందుకు లొంగుత లేదు అని చూసి నెలనెలా పైకి రాసుడు. మీరు జీనోం చదివి చేసే పనే. మాకు చదువ రాదు గన్క పెంచి చూస్తుంటిమి.

గీ పురుగుకు తిండి సోకు జాస్తి. గొర్రె రక్తం కలిపిన ప్లేటు అయితేనే సక్కగ పెరుగుతది. పెరిగి సుట్టు ఉన్న రక్తాన్ని కరగదీసి, అద్దం లెక్క వలయం ఏస్తది. నాకంటె ముందున్నోళ్ళు బ్లడ్ బ్యాంకుల తారీఖు దాటిన మనిషి రక్తం వాడుతుండిరి. నేను సార్ రూంలకు పోయి లొల్లి పెట్టిన, గొర్రె కావాల్నని.

"అమ్మా, గొర్రెను ఏ పద్దు కింద కొనాలె?" అన్నడు సార్. "ఫర్నిచరా, మందులా, పేషెంట్ల భోజనమా?"

"భోజనం కింద కొంటె వంటింటికి పోతది సార్."

"అదే నా భయం గూడ."

కొనలే. నేనే ఊర్లు తిరిగిన. పానగల్ దిక్కు గొర్లు మేపే మల్లయ్య అని ఒక పెద్దమనిషి దొరికిండు. పిల్లల రోగం కోసమంటే మారు మాట్లాడలే. మందల కెల్లి మంచి పొట్టేలును ఏరి, దాని ఈపు మీద జాజుతోని ఎర్రగ గుండ్రం గీసిండు. "ఇగ ఇది సర్కారుది. దీన్ని అమ్మను, కొయ్యను. నువ్వొచ్చి రకతం తీస్కో బిడ్డా" అన్నడు.

పదిహేను రోజులకోసారి పొద్దుగాల పోతుంటి. మెడ నరంల కెల్లి రక్తం తీసి, గాజు పూసలేసిన సీసాల పోసి, గడ్డ కట్టకుండ ఊపుకుంట బస్సెక్కుడు. పక్కనున్నోళ్ళు అడుగుదురు, "ఏంది మేడం, రూహఫ్జా షర్బతా?" అని. "రక్తం" అంటుంటి. వెంటనే సీటు దొరుకుతుండె.

మొదటిసారి తెచ్చిన రక్తం కుళ్ళింది. ప్లేట్లన్నిటి మీద అడ్డమైన పురుగులు మొలిచి కంపు కొట్టినయి. ఎందుకంటే పొట్టేలు మెడ నేను సక్కగ తుడువలే. తప్పు నాది. కని మళ్ళ పోయినప్పుడు మల్లయ్య కోడలు, పక్క మందలోళ్ళు చూస్తుండంగ ఆయన మీద ఎగిరిన.

"నీ గొర్రెకు ఏం రోగముంది మల్లయ్యా? రక్తమంత ఖరాబు! పసిపిల్లల మందు చూసేటందుకు రోగం గొర్రెను కడ్తవా?"

మల్లయ్య పొట్టేలు నెత్తి నిమిరిండు. "ఇగ ఖరాబు గాదు తియ్యి బిడ్డా" అన్నడు.

నిజంగనే గాలే. ఆ తర్వాత రక్తం తేట తేట. నేను అరిస్తేనే పనులైతయని ఫోన్ల అమ్మకు గూడ చెప్పిన.

పురుగు లేని జిల్లా

మూడు నెలలు గొంతు పుల్లలు పెట్టిన. స్కూళ్ళ కెల్లి, హాస్టళ్ళ కెల్లి, మా పిల్లల వార్డు కెల్లి. ఒక్క ప్లేటు మీద స్ట్రెప్టోకాకస్ మొలువలే. వేరే పురుగులు కొన్ని వచ్చినయి, అసలుది రాలే. మొదటి నెల అనుమానపడ్డ. రెండో నెల అలవాటైంది. మూడో నెల గర్వమొచ్చింది. పిల్లలూ, ఈ మూడు మెట్లు గుర్తు పెట్టుకోండ్రి. ప్రతి లాబ్‌ల ఉంటయి.

సూపరింటెండెంట్ సార్ ఆనందం ఇంత అంత గాదు. మందుకు లొంగని పురుగు ఎంతుందని పైనోళ్ళు అడిగితే, సార్ అసలు పురుగే లేదని రాసిండు. కలెక్టరాఫీసు మీటింగుల లేచి నిలబడి చెప్పిండు. చప్పట్లు కొట్టిన్రంట. తిరిగొచ్చి నాతో అన్నడు, "మిగతా జిల్లాలు పురుగును ఎదుర్కొంటున్నయమ్మా. మనం దాన్ని పుట్టనిస్తలేం."

గప్పుడే హసీనా వచ్చింది. తొమ్మిదేండ్ల పిల్ల, పానగల్‌ది. తండ్రి ఖాజా మియా దూది ఏకి బొంతలు కుడ్తడు. పిల్లకు మోకాలు వాసి తగ్గింది, మడిమ వాసింది. మా పిల్లల డాక్టర్ సార్ మెల్లగ మాట్లాడే మనిషి, రిటైర్మెంటుకు దగ్గరున్నడు. చెవి పెట్టి విని, గుండెల చిన్న తేడా ఉన్నదని చెప్పి పెన్సిలిన్ సూది మొదలుపెట్టిండు. గొంతు పుల్ల నా కాడికొచ్చింది. ప్లేటు ఖాళీ. 'పురుగు లేదు' అని రాసి, సంతకం పెట్టి, మొహర్ గుద్ది ఇచ్చిన.

పిల్లల డాక్టర్ సార్ లాబ్‌కు వచ్చిండు. "మేడం, మళ్ళొకసారి పెట్టరాదు? ఈ రోగంల గొంతు మీద పురుగు దొరకకపోవచ్చు గని, జిల్లా మొత్తంల ఒక్కటి గూడ లేకుండ ఎట్ల ఉంటది? పిల్ల కీళ్ళు చూసిన నేను."

"మీరు కీళ్ళు చూసిన్రు సార్. నేను ప్లేటు చూసిన."

ఎంత బాగ అన్నననుకున్ననో! సాయంత్రం ఆ మాట ఫోన్ల దోస్తుకు గూడ చెప్పి నవ్విన. సూపరింటెండెంట్ సార్ తెల్లారే ఆర్డర్ తీసిండు. లాబ్ కాయితంల పురుగు ఉన్నోళ్ళకే పెన్సిలిన్, లేనోళ్ళకు ఇచ్చి స్టాక్ ఖరాబు చెయ్యొద్దు అని. హసీనా సూది బందైంది. ఖాజా మియా రెండు చేతులు ఎత్తి నాకు సలాం చేసి పోయిండు.

రెండు నెలలకు పిల్లను భుజం మీద ఏసుకొని వచ్చిండు. జరం, మడిమ వాపు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పిల్లల డాక్టర్ సార్ చానసేపు చెవి పెట్టి విన్నడు. నా దిక్కు చూడకుండ, "కొత్త సప్పుడు వచ్చింది" అన్నడు. గంతే. అరిచినా బాగుండు.

ట్రంక్ కాల్

ఆ పొద్దు సార్ రూంలకు పోయి గుండీ కొట్టి ప్రొఫెసరమ్మకు కాల్ బుక్ చేసిన. కలిసేసరికి రెండు గంటలు పట్టింది. అంతా చెప్పిన. ఆమె ఒక్కటే అడిగింది.

"తెలిసిన పురుగును పెట్టి చూసినవా?"

అంటే ఏందంటే, ఇది స్ట్రెప్టోకాకసే అని ముందే తెలిసిన పురుగును మన ప్లేటు మీద రాసి, పెరుగుతాందా లేదా అని చూసుడు. పెరగకుంటే తప్పు ప్లేటుదే. మొదటి ఏడాదిల నేర్పే పని. నేను చెయ్యలే. ఎందుకు చెయ్యలేదంటే, నా ప్లేటు గదా.

"హలో? ఉన్నవా ఏమ్మా?" అన్నది.

ఉన్న. మూడు నిమిషాల కాల్ల సగం నేను ఊకున్నది గదొక్కసారే.

ప్రొఫెసరమ్మ తన శిష్యురాలి చేతికి పురుగును, తను చేసిన రెండు ప్లేట్లను ఇచ్చి బస్సుల పంపింది. పక్కపక్కన పెట్టి రాసిన. తెల్లారి చూస్తే ఆమె ప్లేటు నిండ అద్దం వలయాలు. నా ప్లేటు మీద ఏం లేదు. తుడిచిన బండ లెక్క ఉన్నది. ప్లేటుల పోసే మసాల అదే, నీళ్ళు అవే. తేడా ఒక్క రక్తమే.

మల్లయ్య కాడికి ఉరికిన. దారి పొడుగుత అరుపులు కూడబెట్టుకుంట పోయిన.

"ఏం పెట్టినవ్ మల్లయ్యా గొర్రెకు? నిజం చెప్పు!"

మల్లయ్య భయపడలే. సంబురంగ చెప్పిండు. "ఏం తక్కువ చెయ్యలే బిడ్డా. నువ్వొచ్చే ముందురోజు పశువుల దవాఖాన కంపౌండర్ను పిలిచి సూది ఏపిస్తున్న. తెల్ల మందు, పెన్సిలిన్ అంటరు. ఒక్కసారి గూడ తప్పలే. పిల్లల కోసం పోయే రకతం, తానం చేసినంత సాఫుగుండాలె గద!"

"ఎవరు ఏపియ్యమన్నరు?"

"నువ్వే గద బిడ్డా. రోగం గొర్రె అంటివి. పదిమంది ముందట అంటివి. నా మందల రోగమున్నదని ఊరంత అన్నరు. కోడలు గూడ అన్నది. మళ్ళ మాట పడొద్దని ఏపిస్తున్న."

మీకు అర్థమైందో లేదో, ఇప్పి చెప్త. అన్ని పురుగులల్ల పెన్సిలిన్‌కు చిటికెల సచ్చేది గిదే. ప్లేటుల కలిసిన సుక్క రక్తంల ఉన్న మందు చాలు, మొలువనే మొలువది. నేను ఏ పురుగును వెతుకుతున్ననో, దాన్నొక్కదాన్నే ఏరి చంపే ప్లేట్లు ఐదు నెలలు చేసిన. జిల్లాల పురుగు లేకపోవుడు గాదు. సర్కారు గొర్రె మా అందరి కంటె ముందే వైద్యం చేయించుకున్నది.

మల్లయ్య తప్పు వెతికిన చానసేపు. దొరకలే. "ఏమాయె బిడ్డా, మళ్ళ ఖరాబైందా?" అని ఆయన అడుగుతనే ఉన్నడు. ఖరాబు గాలేదు, మస్తు సాఫున్నది అన్న. ఇగ సూది ఏపియ్యొద్దని చేతులు పట్టుకొని చెప్పిన. ఏ పదిమంది ముందట ఆయనను తిట్టిన్ననో వాళ్ళ ముందటనే, ఆ రోజు పొట్టేలు మంచిదే, నేనే సక్కగ తుడువలేదు అని గూడ చెప్పిన. కోడలు నన్ను చూసిన చూపు ఇంక యాదికున్నది.

కోపమున్న ఆఫీసరుకు జిల్లాల అందరు మంచి రక్తమే తెచ్చిస్తరు. గా సంగతి ఏ సిలబస్ల రాయలే.

మహబూబ్‌నగర్ పురుగు

నెల తర్వాత, పొట్టేలు ఒంట్ల కెల్లి మందు పూర్తిగ దిగినంక, దాని రక్తంతోని ప్లేట్లు చేసిన. హసీనా గొంతు పుల్ల మళ్ళ తెప్పిచ్చి పెట్టిన. తెల్లారి వలయాలే వలయాలు. ఇగ మందు బిళ్ళలు పెట్టిన. చిన్న కాగితం బిళ్ళకు మందు అద్ది పురుగు మీద పెడ్తరు. పురుగు లొంగితే బిళ్ళ సుట్టు ఖాళీ జాగా ఏర్పడ్తది. పెన్సిలిన్ సుట్టు ఇంత పెద్ద జాగా. ఎరిత్రోమైసిన్ బిళ్ళకు అంటుకొని పెరిగింది.

ఎందుకో ఖాజా మియాను అడిగితే తెలిసింది. సర్కారు సూది బందైనంక పిల్ల గొంతు నొచ్చినప్పుడల్లా లూనా బండి మీద వారం అంగళ్ళు తిరిగే ఆరెంపీ డాక్టర్ కాడికి పోతుండె. ఆయన ఎరిత్రోమైసిన్ గోలీలు కాగితంల చుట్టి రెండు ఇస్తడు. నాలుగిస్తే వేడి చేస్తదంట. పది రోజుల మందు ఒక్క రోజుల ముగిస్తే లొంగే పురుగు సస్తది, లొంగంది హాయిగ ఉంటది.

ఇగ సంగతి తేటగున్నది. పిల్లకు పెన్సిలిన్ మళ్ళ మొదలుపెట్టాలె, ఆలస్యం చేస్తే గుండె ఇంక ఖరాబైతది. ఆర్డర్ ప్రకారం పురుగున్నదని నా కాయితం కావాలె. కాయితం పట్టుకొని సార్ రూంలకు పోయిన.

సార్ కండ్లద్దాలు తీసి తుడిచి మళ్ళ పెట్టుకున్నడు. "ఇన్ని నెలలు లేని పురుగు ఇయ్యాల ఎట్లొచ్చిందమ్మా?"

"ఉండె సార్. మనకు కనబడలే." గొర్రె సంగతి చెప్పిన.

"పైకి ఏం రాయాలె? జిల్లాల పురుగు లేదని గొర్రె చెప్పిందనా?"

"నేను తప్పు చేసిన్నని రాయుండ్రి."

"నువ్వు తప్పు చేస్తే నేను చేసినట్టు. నేను చేస్తే దవాఖాన చేసినట్టు. దవాఖాన తప్పు చెయ్యది." మొఖం ఎలిగింది. "గిట్ల రాయి. కొత్త పురుగు, మహబూబ్‌నగర్ కెల్లి వచ్చింది అని."

"పిల్ల పానగల్ దాటి పోలే సార్."

"పిల్ల పోలే. పురుగొచ్చింది. బస్సులున్నయి గద?"

ఇక్కడ జర ముందుకు దూకి ఒక ముచ్చట చెప్తా, తర్వాత మళ్ళ వెనక్కొస్త. కొన్నేండ్లకు నన్ను పాలమూరు, అదే మహబూబ్‌నగర్ దిక్కు ఒక దవాఖానకు మార్చిన్రు. అక్కడి పాత ఫైలు తీస్తే, మందుకు లొంగని స్ట్రెప్టోకాకస్ గురించి ఒక్కటే లైను. 'నల్గొండ జిల్లా నుండి వచ్చినట్లు తెలియుచున్నది.' కుర్చీల పడి నవ్విన.

నేను దొరికిన పురుగునల్లా అద్దుడు కాగితం ముక్కల మీద ఆరబెట్టి, కవర్లల ఏసి, ఊరి పేరు రాసి ఫ్రిజ్‌ల దాచుకుంటుంటి. తొంబైల చివర్ల హైదరాబాద్‌ల ఒక పెద్ద లాబ్‌ల జీన్ అక్షరాలు చదువుడు మొదలైంది. మొత్తం జీనోం గాదు, చిన్న ముక్క. నా కవర్లు తీసుకపోయి ఇచ్చిన. చదివి చెప్పిన్రు. నల్గొండ దిక్కువి, పాలమూరు దిక్కువి, ఎరిత్రోమైసిన్‌కు లొంగనియి చానమట్టుకు ఒక్క ఇంటి పురుగులే అని. కవర్ల మీది ఊర్లు వరుసగ పెడితే లూనా డాక్టర్ల అంగడి రూటు లెక్క ఉన్నది. ఉరుక్కుంట పోయి పాలమూరు దవాఖాన బాస్‌కు చెప్పిన.

"అక్షరాలు చదివిన్రా? మంచిది. అండ్ల ఏ జిల్లా అని రాసున్నది?"

"జిల్లా రాసుండది సార్."

"మరేం చదివినట్టు?"

మీ మిషన్ ఎంత గొప్పదైనా, దాని కాయితం పోయేది గీ కుర్చీ ముందటికే. యాదిల పెట్టుకోండ్రి. ఇగ వెనక్కొస్తున్న.

ఖాజా మియా గోడ

మహబూబ్‌నగర్ అని నేను రాయలే. వీరత్వం అనుకోకుండ్రి. పిల్లల డాక్టర్ సార్ తలుపు కాడ నిలబడి అంతా విన్నడు, ఆయన ముందట రాయ బుద్ధిగాలే. 'నేను ఇచ్చిన ఐదు నెలల కాయితాలు చెల్లవు. రక్తంల పెన్సిలిన్ ఉండె. తప్పు నాది' అని తెల్లకాగితం మీద రాసి, మొహర్ గుద్ది, సార్ బల్ల మీద పెట్టిన. సార్ దాన్ని చేత్తోని ముట్టలే. స్కేలుతోని పక్కకు జరిపిండు. స్కీం పోతది, నీ పోస్టు పోతది అన్నడు. స్కీం నిజంగనే పోయింది. పోస్టు పోలే, ఎందుకంటే నన్ను తీసేస్తే ఎందుకు తీసిన్రో రాయాలె.

పెన్సిలిన్ స్టాక్ల కెల్లి రావాలంటే ఇంక వారం. పిల్లల డాక్టర్ సార్ తన కాడ ఉన్న సూది మందు డబ్బల పెట్టుకొని, "స్కూటర్ ఎక్కు" అన్నడు. దారిల ఒక్క మాటనే అన్నడు. "ఇప్పటిదాక ఖరాబైంది మళ్ళ బాగుగాదు మేడం. ఇంక ఖరాబు గాకుండ సూసుకునుడే. ఆ తండ్రి ఇరవయ్యొక్క రోజులకోసారి పిల్లను తేవాలె, ఏండ్లు. నువ్వు చెప్తేనే నమ్ముతడు. లేదన్నది నువ్వే గద."

ఖాజా మియా ఇల్లు ఒక్కటే అర్ర. మూలకు దూది గుట్ట, గాలిల దూది. హసీనా బొంతకు ఒరిగి కూసున్నది, బక్కగైంది. గోడకు అద్దం ఫ్రేములు రెండు. ఒక దాంట్ల మక్కా. ఇంకో దాంట్ల నా కాయితం. 'పురుగు లేదు.' నా సంతకం, ఊదా రంగు మొహర్.

"ఫ్రేమ్ కట్టేటాయనకు పైసలకు బదులు మెత్త కుట్టిచ్చి కట్టించిన" అన్నడు ఖాజా మియా. "మా ఖాందాన్ల సర్కారు ఏం రాసిచ్చినా, ఏదో ఒకటి లేదనే రాస్తది. గిదొక్కటే మంచికి లేదని రాసింది."

"దింపు భాయ్ దాన్ని."

"ఎందుకు?"

"తప్పది."

"మొహర్ ఉన్నది గద మేడం?"

"మొహర్ గుద్దింది నేనే. పురుగున్నది. అప్పుడు గూడ ఉండె. నా ప్లేటు చెడిపోయి కనబడలే. సూది ఆపకుంటే పిల్లకు గీ రెండో దెబ్బ రాకపోతుండె."

ఆయన చేతిల ఉన్న దూది చెండు కింద పెట్టిండు.

"మీకు కోపమొస్తే దవాఖాన దద్దరిల్లుతదని అందరంటరు మేడం. ఇప్పుడు నాకొచ్చింది కోపం. నేను ఏడికి పోయి అరవాలె?"

"ఇక్కడనే అరువు భాయ్. నా మీదనే."

అరువలే. లేచి ఫ్రేమ్ దింపిండు. ఎనుక మేకులు పీకి కాయితం తీసి నా చేతిల పెట్టిండు. నేను ఎర్ర పెన్నుతోని అడ్డంగ కొట్టేసిన. కింద 'పురుగున్నది, సూది ఆపొద్దు' అని రాసి మళ్ళ సంతకం పెట్టిన. హసీనా జరిగొచ్చి తొంగిచూసింది.

"గిది నువ్వే రాసినవా?"

"నేనే."

"తప్పు రాస్తే మా బడి సార్ చేతుల మీద కొడ్తడు. నిన్నెవరు కొట్టిన్రు?"

"ఎవ్వరు కొట్టలే."

పిల్ల డాక్టర్ సార్ దిక్కు చూసింది. ఆయన డబ్బ తెరిచి సూదిల మందు ఎక్కిస్తున్నడు. ముందుగాల చేతి మీద సుక్కంత ఏసి చూస్తడని పిల్లకు తెలుసు, ఇంతకు ముందు ఏసుకున్నదే.

"నువ్వు తప్పు రాస్తే నాకా సూది?"

"నీకే బిడ్డా" అన్న.

పిల్ల చొక్క చెయ్యి మీదికి మడుచుకొని, చెయ్యి సాపింది. డాక్టర్ సార్ దిక్కు గాదు, నా దిక్కు.

"అయితే నువ్వే పట్టుకో" అన్నది.